కాగితం పువ్వు, కొత్త పంచె

నేను ముప్ఫై ఆరేళ్లు గడ్డి కోశాను. యుద్ధంలో చనిపోయిన సైనికుల సమాధుల మధ్య మొలిచే గడ్డి. రిటైరయ్యేనాటికి తోటమాలులందరి మీదా సూపర్‌వైజర్నే గానీ ఆ సంగతి ఇక్కడ రాయను. నాకు ఏ హోదా ఎప్పుడు వచ్చిందో చదివి మీరు బాగుపడేదేమీ లేదు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు అక్కరకొచ్చే నాలుగు ముక్కలు చెప్తాను. వాటిలో కొన్ని నా పాత ఆఫీసుకు నచ్చవు. నచ్చకపోతే పోనీ.

మా శ్మశానం పేరు చెప్పను. మలేసియాలో ఇలాంటివి కొన్ని ఉన్నాయి, మాది వాటిలో ఒకటి. తెల్లరాళ్లు వరసగా ఉంటాయి. ప్రతి రాయి మీదా ఒక పేరు, ఒక వయసు. నవంబరులో ఒక పొద్దున అక్కడ సంస్మరణ సభ జరుగుతుంది. బాకా ఊదుతారు, రెండు నిమిషాలు మౌనంగా నిలబడతారు, దండలు పెడతారు. వచ్చినవాళ్లంతా చొక్కాకు ఎర్ర కాగితం పువ్వు గుచ్చుకుంటారు. పాపీ అంటారు దాన్ని. గసగసాల జాతి పువ్వు. ఎక్కడో యూరప్‌లో పాత యుద్ధం జరిగిన పొలాల్లో పూసేదట. మన వానకు బతికే మొక్క కాదు, అందుకే మనకు కాగితంది.

ఆ పువ్వు మీద ఏటా తగువే. పెట్టుకుంటేనే చనిపోయినవాళ్లకు గౌరవమని ఒకరు. పెట్టుకోవడమంటే యుద్ధాన్ని నెత్తికెత్తుకోవడమని, తెల్లదొరల యుద్ధానికి మనమెందుకు పువ్వు పెట్టుకోవాలని ఇంకొకరు. సమాధుల దగ్గర పనిచేశాను కదా అని నన్నూ అడుగుతారు. నేను ఆ పువ్వు ఒక్క ఏడాది కూడా పెట్టుకోలేదు. అలాగని దాన్ని తిట్టేవాళ్ల పక్కనా నిలబడలేదు. ఎందుకో చెప్పాలంటే ముందు పని గురించి చెప్పాలి.

మోకాళ్ల మీద పని

ఈ ఉద్యోగంలో చేరగానే యంత్రం ఇస్తారు, తిప్పుకుంటూ పోతే చాలనుకుంటారు. రాయికి జానెడు దూరం వచ్చేసరికి యంత్రం ఆపేయాలి. దాని నైలాను తీగ తగిలితే రాతి అంచు చెక్కుకుపోతుంది. అక్కడి నుంచి మోకాళ్ల మీద కూర్చుని కత్తెరతో కోయాలి. పెద్ద వాన పడ్డాక మట్టి చిమ్మి రాళ్ల అడుగున మరకలు పడతాయి. వాటిని మెత్తటి బ్రష్షుతో, ఉత్త నీళ్లతో కడగాలి. రాతి ముందు వేసే మొక్క పొట్టిగా ఉండాలి. ఎంత అందంగా పూసినా అక్షరానికి అడ్డం వచ్చే మొక్క మనకు పనికిరాదు.

ఇదంతా నాకు నేర్పింది నా మొదటి బాసు డిక్రూజ్ గారు. మలక్కా వైపు యూరేషియన్ మనిషి. సైన్యంలో సార్జెంటుగా చేసి వచ్చాడు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. రబ్బరు తోటల్లో పెరిగిన మా వాళ్లకంటే బాగా తమిళం మాట్లాడేవాడు. పొద్దున్నే ఒక వరస ఎంచుకుని ప్రతి రాయి ముందూ గొంతుక్కూర్చునేవాడు. పేరు పైకి చదివేవాడు. ఒక ఆకు ఒక్క అక్షరం మీద పడినా నన్ను పిలిచేవాడు.

"సూరీ, ఇతని పేరు సగమే ఉంది. మిగతా సగం నువ్వు తిన్నావా?"

అందరికీ నవ్వొచ్చేది. నాకు ఒళ్లు మండేది. చచ్చిపోయినవాడి పేరు ఎవడు చదువుతాడు, ఈయన ఛాదస్తం కాకపోతే అనుకునేవాణ్ని. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు, తెలివితేటలు కూడా ఆ మాత్రమే.

నేను చెరిపేసిన పేరు

మొదటి నవంబరు సభ అయిపోయాక ప్రతి రాయికీ ఆనించి కాగితం పువ్వులు వదిలి వెళ్లారు. మధ్యాహ్నం కుండపోతగా వాన పడింది. కాగితం ఎరుపు కరిగి తెల్లరాళ్ల మీద చారికలుగా దిగింది. నేను కంగారుపడ్డాను. బ్రష్షుతో తోమితే ఒక రాయి మీది మరక పోలేదు. డిక్రూజ్ గారు చూసేలోగా పోగొట్టాలని, మరుగుదొడ్డి కడిగే యాసిడ్ తెచ్చి పోశాను.

రాయి బుసబుస పొంగింది. ఎరుపు పోయింది. దానితోపాటు అక్షరాల అంచులు కూడా పోయాయి. పంతొమ్మిదేళ్ల కుర్రాడి పేరు అది. వేలితో తడిమితే తప్ప తెలియనంతగా చెరిగిపోయింది.

డిక్రూజ్ గారు తిడతాడనుకున్నాను. తిట్టలేదు. రాయి ముందు కూర్చోబెట్టి, రిజిస్టరు తెరిచి ఆ పేరు చూపించాడు.

"చదువు."

పెదాలు కదిపాను.

"పైకి చదువు. కొత్త రాయి వచ్చేదాకా రోజూ పొద్దున్న వచ్చి ఇక్కడ పైకి చదువు. ఇతనికి ఇప్పుడు రాయి లేదు. నువ్వే రాయివి."

కొత్త రాయి రావడానికి ఏడు నెలలు పట్టింది. ఏడు నెలలూ చదివాను. మొదటి వారం సిగ్గుపడ్డాను, రెండో వారం విసుగుపడ్డాను. తర్వాతెప్పుడో ఆ కుర్రాడు నాకు తెలిసినవాడైపోయాడు. అతను ఏం తినేవాడో, వాళ్ల అమ్మ ఏమని పిలిచేదో అనుకుంటూ గడ్డి కోసేవాణ్ని. ఆ పేరు నన్ను ఇప్పుడు నిద్రలేపి అడిగినా చెప్తాను. ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్నదాంట్లో సగం ఆ ఏడు నెలల్లో నేర్చుకున్నదే. మిగతా సగం మా మామ్మ నేర్పింది.

మామ్మ వచ్చిన రోజు

మామ్మ అంటే మా నాన్న తల్లి, నూకమ్మ. మా వాళ్లు కువాలా సెలంగోర్ దగ్గర రబ్బరు తోటలో కూలీలు. జపాను వాళ్లు ఈ దేశాన్ని ఆక్రమించిన కాలంలో, మా నాన్న పాకుతున్న వయసులో, తాతను సయాంలో, అంటే ఇప్పటి థాయిలాండ్‌లో, రైలు దారి వేసే పనికి తీసుకుపోయారు. మూడు నెలల్లో తిప్పి పంపుతామని చెప్పి కంగాణి, అంటే కూలీల మేస్త్రీ, లారీ ఎక్కించాడు. ఆ రోజుల్లో గుడ్డ దొరికేది కాదు. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క పంచెను మామ్మ చుట్టుకోవడానికి వదిలేసి, తాత గోనెసంచి నడుముకు కట్టుకుని వెళ్లాడు. మళ్లీ రాలేదు. అడవిలో అక్కడ మా తోటల వాళ్లు ఎంతమంది రాలిపోయారో లెక్క రాసినవాడు లేడు. పోయాడన్న కబురు కూడా ఎవరూ తేలేదు.

కబురు రాలేదు కాబట్టి మామ్మ బొట్టు తీయలేదు, గాజులు తీయలేదు. మాకొక ఆచారం ఉంది. జనవరిలో పెద్దల పండుగ నాడు ఇంట్లో పోయినవాళ్లందరికీ కొత్త బట్టలు పెడతాం. ఒక్కొక్కరి పేరు చెప్పి ఒక్కో బట్ట పెట్టి దణ్ణం పెట్టుకుంటాం. తర్వాత ఆ బట్టలు ఇంట్లో బతికున్నవాళ్లు కట్టుకోవాలి. కట్టుకుంటేనే అవి పోయినవాళ్లకు చేరినట్టు. ముత్తాతకు పెట్టేవాళ్లం, ముత్తవ్వకు పెట్టేవాళ్లం. తాతకు మాత్రం పెట్టనిచ్చేది కాదు.

"బతికున్నోడికి పెడతారేటి?" అనేది.

నేను చేరిన మూడో ఏడు, నవంబరులో, నా పని చూస్తానని మామ్మ బయలుదేరింది. అప్పటికి మేము తోట వదిలి క్లాంగ్‌లో ఉండేవాళ్లం. తెల్లరాళ్ల వరసలు చూసి గేటు దగ్గరే ఆగిపోయింది.

"ఈలందరూ ఎవులురా?"

"జపానోడి యుద్ధంలో సచ్చిపోనోళ్లు మామ్మా."

రెండు వరసలు నడిచింది. అక్షరాలు రాకపోయినా ప్రతి రాయినీ చూసింది. "ఇందల మీ తాత రాయేదిరా?"

"తాతకి నేదు మామ్మా. ఇది సిపాయిలకి. తోటోళ్లకి రాయి నేదు."

మామ్మ నా మొహం వైపు చూసింది. "మరైతే నువ్వు ఇన్నాళ్ల బట్టి ఎవులికి గడ్డి కోస్తన్నావురా?"

 నేను చేతిలో కత్తెర చూసుకున్నాను, మోకాళ్ల మట్టి చూసుకున్నాను. 

డిక్రూజ్ గారు అటు వచ్చాడు. ఈవిడ ఎవరని అడిగాడు. చెప్పాను. మామ్మ ఆయనకు తెలుగూ తమిళమూ కలిపి చెప్పుకుంది. "కంగాణి సెప్పనేదు, దొర సెప్పనేదు, సర్కారోడు సెప్పనేదు. ఎవులో ఒకలు సచ్చిపోనాడని సెప్తే కదా అయ్యా, నాను పంచె పెట్టేది. గోనె కట్టుకుని ఎల్లినాడు."

ఆయన టోపీ తీశాడు. రాళ్ల ముందు ఎలా గొంతుక్కూర్చునేవాడో అలాగే మామ్మ ముందు గడ్డిలో కూర్చున్నాడు. "అమ్మా, మీ ఆయన పేరేమిటి?" అని తమిళంలో అడిగాడు.

మామ్మ నావైపు తిరిగింది. మొగుడి పేరు ఆమె జన్మలో నోటితో అనలేదు. ఆ కాలం ఆడవాళ్లు అనరు. నేనే చెప్పాను. "అలమండ అప్పన్న."

"అలమండ అప్పన్న" అని ఆయన పెద్ద గొంతుతో అన్నాడు. పొద్దున్నే రాళ్లు చదివే గొంతు అది. "సయాం రైలు పనికి వెళ్లాడు. అక్కడే చనిపోయాడమ్మా. నేను చెప్తున్నాను."

"నువ్వు సర్కారోడివేనా?"

ఆయన ఒక్క క్షణం నా వైపు చూశాడు. మా శ్మశానానికీ సర్కారుకూ సంబంధం లేదు. "అవునమ్మా" అన్నాడు. ఆయన నోట నేను విన్న అబద్ధం అదొక్కటే.

మామ్మ తల ఊపింది. ఆయన జేబు మీది ఎర్ర పువ్వు చూపించి ఏమిటని అడిగింది. చనిపోయినవాళ్ల కోసం పెట్టుకుంటామని ఆయన చెప్పాడు.

"మనం బట్ట కట్టుకున్నట్టే" అంది మామ్మ నాతో. "మంచిదే."

ఇంటికి వచ్చే రైలులో ఏడ్చింది. నలభై ఏళ్లకు పైగా దాచుకున్న ఏడుపు. పక్కనున్నవాళ్లు చూస్తున్నా నేనూ ఏడ్చాను.

ఆ జనవరిలో మామ్మ తనే క్లాంగ్‌ బజారుకు వెళ్లి పంచె కొంది. తాత పేరు చెప్పి నాన్న దాన్ని పెట్టాడు. ఇక బొట్టు తీయాలని బంధువుల ఆడవాళ్లు గుసగుసలాడారు. మామ్మ వాళ్ల వైపు తిరిగింది.

"పంచె పెడతాను. బొట్టు తియ్యను. కబురు సెప్పడానికి ఒక్కలు రానేదు గాని, బొట్టు తియ్యడానికి ఇంతమంది వచ్చినారేటి?"

మామ్మ పంచె తీసి నా చేతిలో పెట్టింది. "సచ్చినోళ్ల కాడ పని సేస్తన్నావు కదా. నువ్వే కట్టు."

పంపు షెడ్డు

ఆ ఏడాది మధ్యలో డిక్రూజ్ గారు రిటైరయ్యాడు. కొత్త సూపరింటెండెంటు వచ్చాడు. చెడ్డవాడేమీ కాదు. పెద్దమనుషులు ఏమనుకుంటారోనని భయపడే రకం. మీకూ దొరుకుతారు అలాంటివాళ్లు. గట్టివాడైన బాసుతో పోట్లాడవచ్చు, భయపడే బాసుతో వేగడం కష్టం.

సభకు వారం ముందు ఆయన గదికి వెళ్లి ఒకటే అడిగాను. ఉపన్యాసాల్లో ఎక్కడో ఒకచోట సయాం రైలు పనికి పోయి చనిపోయిన తోట కూలీల గురించి ఒక్క వాక్యం చెప్పించండి అని.

"వాళ్లు యుద్ధంలో చావలేదు లా. పనిలో చచ్చారు. ఇది దానికి సందర్భం కాదు" అన్నాడు. మాట చివర ఆ ‘లా’ మా మలేసియాలో అందరికీ అలవాటే.

"యుద్ధం లేకపోతే ఆ పని ఎక్కడిది సర్?"

ఫైలు తెరిచి చదువుకోవడం మొదలుపెట్టాడు. మర్నాడు నోటీసు అంటించారు. సిబ్బంది అంతా తెల్లచొక్కా, నల్లప్యాంటు వేసుకుని, పువ్వు పెట్టుకుని గేటు పక్కన వరసగా నిలబడాలి.

నేను తెల్లచొక్కా వేసుకున్నాను. కింద తాత పంచె కట్టుకున్నాను. పువ్వు తీసుకోలేదు. వరసలో నిలబడ్డాను. సూపరింటెండెంటు నా దగ్గరకు వచ్చి ఆగిపోయాడు.

"ఏమిటీ వేషం?"

"మీరు పువ్వు పెట్టుకున్నారు సర్. మేము బట్ట కట్టుకుంటాం. ఇది మా తాతకు పెట్టిన బట్ట."

"ఈ రోజు సైనికులది."

"సరే సర్. మా వాళ్ల రోజు ఏదో చెప్పండి. ఆ రోజు కట్టుకొస్తాను."

 అలాంటి రోజు లేదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. కార్లు వచ్చేస్తున్నాయి. "మార్చుకో, లేదంటే పంపు షెడ్డు వెనక్కి పో" అన్నాడు. నేను పంపు షెడ్డు వెనక్కి పోయాను.

అక్కడి నుంచి బాకా వినిపించింది. రెండు నిమిషాలూ నేనూ కదలకుండా నిలబడ్డాను. ఆ తెల్లరాళ్ల కింది కుర్రాళ్లు నాకు ఏ అన్యాయమూ చేయలేదు. వాళ్ల మౌనం వాళ్లకు ఇచ్చాను. అది అయిపోయాక పైకి అన్నాను, అలమండ అప్పన్న అని. నీళ్ల మోటారు తప్ప వినేవాళ్లు లేరు. అయినా అన్నాను.

హెచ్చరిక ఉత్తరం వచ్చింది. సంతకం పెట్టి తీసుకున్నాను. తర్వాతి ఏడు ఆ ఒక్క రోజుకూ సెలవు పెట్టాను. పంచె కట్టుకుని, వచ్చే జనంతోపాటు గేటులోంచి నడిచి వచ్చాను. సెలవులో ఉన్న మనిషి ఏం కట్టుకోవాలో చెప్పే నోటీసు ఇంకా ఎవరూ రాయలేదు. రిటైరయ్యేదాకా ఏటా అదే చేశాను. సూపరింటెండెంట్లు మారారు, నా పంచె మారలేదు. అంటే, ఏటా కొత్తదే.

ఇందులో నా తప్పు ఒకటుంది, అదీ చెప్పాలి. ఆ ఉత్తరం వచ్చాక ఏడాది పొడవునా నాకు ఎర్ర పువ్వు కనపడితే చాలు, కడుపు మండేది. పెట్టుకున్న ప్రతివాడూ మా తాతను పంపు షెడ్డు వెనక్కి తోసినవాడే అనిపించేది. తర్వాతి ఏడు నేను మొదటిసారి సెలవు పెట్టి వచ్చినప్పుడు, డిక్రూజ్ గారు మెడల్సు పెట్టుకుని సభకు వచ్చాడు. ముందు వరసలో ఆయనకు కుర్చీ వేశారు. కూర్చోలేదు. వెనక నిలబడ్డ నన్ను వెతుక్కుంటూ వచ్చి పక్కన నిలబడ్డాడు. మౌనం అయ్యాక నాకంటే ముందు ఆయనే "అలమండ అప్పన్న" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూశారు. ఆయన జేబు మీద పువ్వు ఉంది. ఆ రోజుతో నా కడుపుమంట తగ్గింది.

నా తీర్పు

కాబట్టి పువ్వు గౌరవమా, యుద్ధానికి పొగడ్తా అని నన్నడిగితే, ఎవరి చొక్కా మీద ఉందో ముందు చెప్పమంటాను. ఒక ఏడు ఒక పెద్దావిడ బంగారంతో చేయించిన పాపీ పెట్టుకుని వచ్చింది. ఎర్రరాళ్లు పొదిగారు. గంటసేపు ఫోటోలు దిగింది, ఒక్క సమాధి ముందూ వంగలేదు. ఇంకో ఏడు ఒక కాలేజీ కుర్రాడు పువ్వుకు వ్యతిరేకంగా అట్ట పట్టుకుని గేటు బయట నిలబడ్డాడు. సామ్రాజ్యాల యుద్ధం, మన వాళ్లను మర్చిపోయారు అని రాశాడు. నేను సంతోషించి వెళ్లి, మన వాళ్లలో ఒకరి పేరు చెప్పు బాబూ అన్నాను. అతనికి ఒక్కటీ రాదు. నాకు ఆ ఇద్దరూ ఒకటే.

వేదికల మీద త్యాగం త్యాగం అంటారు. నేను పేరు చెరిపిన పంతొమ్మిదేళ్ల కుర్రాణ్ని ఎవరు అడిగారు త్యాగం చేస్తావా అని? ఓడ ఎక్కించారు, ఎక్కాడు. మా తాతను లారీ ఎక్కించారు, ఎక్కాడు. ఎక్కించినవాళ్ల సంగతి మాట్లాడకుండా ఎక్కినవాళ్లను పొగిడితే, అది రేపు ఇంకొకర్ని ఎక్కించడానికి చేసే పనే. అక్కడ మాత్రం పువ్వును తిట్టేవాళ్లది నిజం. కానీ చనిపోయినవాణ్ని తలుచుకోవడానికి ఒంటి మీద ఏదో ఒకటి పెట్టుకోవడం మనుషులందరికీ ఉన్నదే. మా మామ్మకు చదువు లేదు, ఆ ముక్క ఒక్క చూపులో పట్టుకుంది.

మీరు ఈ పనిలో చేరాక మిమ్మల్నీ పెట్టుకోమంటారు. పెట్టుకుంటారో మానతారో మీ ఇష్టం. గేటు దాటేముందు ఎవరి కోసమో ఒక్క పేరు పైకి చెప్పగలిగితే అది మీకు దక్కిన పువ్వు. చెప్పలేకపోతే గేటు దగ్గర పువ్వులు పెట్టే పళ్లెంలోనే ఉంచేయండి.

పోయిన నవంబరు

మామ్మ బొట్టుతోనే పోయింది. ఇప్పుడు మా ఇంట్లో తాత పంచె పక్కన మామ్మకు ఒక చీర పెడతాం. ఆ చీర మా అమ్మాయి సుమతి కట్టుకుంటుంది. సుమతి క్లాంగ్‌లో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేస్తుంది. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడటం తక్కువ. పోయిన నవంబరులో నాతో సభకు వస్తానంది. నేను పంచెలో, తను మామ్మ చీరలో గేటు దగ్గరకు వెళ్లాం.

గేటు పక్కన ఒక తెల్లజుట్టావిడ పళ్లెంలో పువ్వులు పెట్టుకుని కూర్చుంది. సుమతి ఆగింది.

"నాన్నా, ఒకటి పెట్టుకోనా? నీకు కోపం వస్తుందా లా?"

నిజం చెప్పాలంటే, వచ్చింది. ముప్ఫై ఏళ్ల మొండితనం ఒక్కసారిగా ఎక్కడికి పోతుంది? మామ్మ చీర మీద ఆ పువ్వా అనుకున్నాను. కానీ మీకు చెప్పిన మాట నా ఇంట్లో నేనే తప్పకూడదు కదా.

"పెట్టుకో. ఎవరికో పైకి చెప్పి పెట్టుకో" అన్నాను.

సుమతి పువ్వు తీసుకుని పమిట మీద గుచ్చుకుంది. గట్టిగానే చెప్పింది. "అలమండ అప్పన్నకి."

వెనక వస్తున్న పెద్దమనుషులు ఆగిపోయారు. పళ్లెం పట్టుకున్న ఆవిడ తలెత్తి చూసింది. ఆయన ఏ రెజిమెంటు అని అడిగింది.

"రెజిమెంటు లేదు" అంది సుమతి. పళ్లెం పక్కన ఖాళీగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చుంది. గోనెసంచి దగ్గర మొదలుపెట్టి, మా తాత కథ ఆవిడకు చెప్పసాగింది.